పాలు విడిచిన బిడ్డ

పాలు మానిపించిన బిడ్డ కొంతకాలానికి మళ్లీ తల్లి రొమ్మును వెదుక్కుంటూ రావడం ఏ ఇంటనైనా జరిగే సంగతే. అన్నం తినడం నేర్చి, నాలుగు మాటలు పలుకుతూ, వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తే పిల్లవాడు, ఒకనాడు జ్వరం తగిలినప్పుడో, కొత్త చోట నిద్ర పట్టనప్పుడో, ఉయ్యాలలోకి చెల్లెలు వచ్చినప్పుడో, ఉన్నట్టుండి తల్లి పైటకొంగు పట్టుకొని లాగుతాడు. వాని కడుపు నిండే ఉన్నది. గిన్నెతో పాలు ఇస్తే తోసివేస్తాడు. తల్లి రొమ్మున పాలు ఇంకిపోయి నెలలు గడిచినా వానికి పట్టింపు లేదు. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. "ఇంతవాడివయ్యావు, సిగ్గు లేదురా?" అని మేనత్త వేళాకోళం చేస్తుంది. "ఈ ఒక్కసారి ఇచ్చావో, ఇక మానడమ్మా" అని అత్తగారు హెచ్చరిస్తుంది. తల్లి ఒక్క క్షణం ఎటూ తోచక కూర్చుంటుంది.

ఆ ఒక్క క్షణంలో ఒక ధర్మసందేహం ఇమిడి ఉన్నది. ధర్మసందేహాలు రణరంగంలోను, రాజసభలోను పుట్టినప్పుడు కవులు, శాస్త్రకారులు వాటిని పట్టించుకున్నారు. చాపమీద కూర్చున్న తల్లికి కలిగిన సందేహం అంతగా గ్రంథాలకెక్కలేదు. అయినా మనిషి తాను కోరినది మరొకరి శరీరంలో ఉన్నదని మొదటిసారి తెలుసుకొనేది ఇక్కడే. కోరికకు హద్దు ఉన్నదని మొదట తెలిసేదీ ఇక్కడే. ప్రేమించినవారు కాదనవచ్చునా, కాదన్నవారు ప్రేమించగలరా అన్న ప్రశ్న మొదట ఎదురయ్యేదీ ఇక్కడే.

దీనికి లోకంలో రెండు సులభమైన సమాధానాలు చెలామణిలో ఉన్నాయి. మొదటిది కఠినులది. ఒకసారి మాన్పించిన దానిని మళ్లీ ఇవ్వరాదు. ఇస్తే బిడ్డ వెనుకకు జారుతాడు. ఈనాడు మనసు గట్టి చేసుకుంటే రేపు వాడు ధీరుడవుతాడు. రెండవది మెత్తనివారిది. బిడ్డ కన్నీటిని మించిన ప్రమాణం లేదు. అడిగినప్పుడల్లా ఇవ్వడమే తల్లితనం. ఈ రెండు సమాధానాలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా ఒక విషయంలో ఏకీభవిస్తున్నాయి. బిడ్డ ఏమి అడుగుతున్నాడో తమకు ముందే తెలుసునని రెండూ అనుకుంటున్నాయి. మొదట విచారించవలసినది అదే.

న్యాయసూత్రకారుడైన గౌతముడు ఆత్మ నిత్యమని నిరూపించబోయి, మూడవ అధ్యాయంలో, అప్పుడే పుట్టిన శిశువును సాక్షిగా పిలిచాడు. ఆకలిగొన్న ప్రాణి ఆహారం వైపు కదలడం లోకంలో అభ్యాసం వలన, ఆ అభ్యాసం మిగిల్చిన స్మృతి వలన కలుగుతున్నది. ఈ జన్మలో ఇంకా ఏమీ తిని ఎరుగని శిశువు స్తన్యాన్ని కోరుతున్నాడంటే ఆ స్మృతి వెనుకటి జన్మది కాక తప్పదని ఆయన వాదం. ప్రతివాది ఊరుకోలేదు. సూదంటురాయి వైపు పోయే ఇనుముకు ఏ స్మృతి ఉన్నది? శిశువు కదలిక కూడా అట్టిదే ఎందుకు కారాదు? దీనికి సిద్ధాంతి ఇచ్చిన జవాబును భాష్యకారుడు వాత్స్యాయనుడు విడమరచి చెప్పాడు. ఇనుము సూదంటురాయి వైపే పోతుంది గాని మట్టిగడ్డ వైపు పోదు. ఆ నియమానికి ఒక కారణం ఉండాలి. శిశువు రొమ్ము వైపే తిరగడానికి కూడా ఒక కారణం ఉండాలి. లోకంలో ఆహారాభిలాషకు కనబడే కారణం స్మృతి ఒక్కటే.

నేటి వైద్యులు నవజాతశిశువు చేసే ఆ ప్రయత్నాన్ని పుట్టుకతో వచ్చిన ప్రతిచర్య అంటారు. చెంపకు ఏదైనా తగిలితే శిశువు ఆ వైపు నోరు తిప్పుతాడు. అందుకు పూర్వజన్మ అక్కరలేదని వారి అభిప్రాయం. ఆ వివాదాన్ని తీర్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. నైయాయికులు పిలవని సాక్షి ఒకడున్నాడు. వాడు పాలు విడిచి తిరిగి వచ్చిన బిడ్డ. వీని విషయంలో స్మృతి ఉన్నదా లేదా అన్న సందేహానికి తావు లేదు. అది ఈ జన్మలోనిదే, మొన్నమొన్నటిదే. అయితే వాదంలోని రెండవ భాగం ఇక్కడ నిలవదు. వీడు కోరుతున్నది ఆహారం కాదు. పప్పన్నం తిని మూతి తుడిపించుకొని వచ్చినవాడు ఇతడు. ఆకలి లేని చోట రొమ్మును తలచుకొంటున్నాడంటే, ఆహారంతోపాటు మరొకటి కూడా వానికి అక్కడ దొరికి ఉండాలి. వాడు దానినే జ్ఞాపకం ఉంచుకున్నాడు.

ఆ మరొకటి ఏదో మన ఇళ్లలోని పాతకాలపు స్త్రీలకు తెలియకపోలేదు. తల్లి పనికి పోయిన వేళ ఏడ్చే మనుమని ఒడిలో వేసుకొని, ఎండిపోయిన తన రొమ్మునే నోటికందించి జోకొట్టిన అమ్మమ్మలు ఉండేవారు. అక్కడ పాల ప్రసక్తే లేదు. వెచ్చదనం, వాసన, చెవికి దగ్గరగా కొట్టుకొనే గుండె చప్పుడు, తన నోటికి ఏదో ఒకటి ఆధారంగా చిక్కినదన్న నెమ్మది, ఇవే అక్కడ ఉన్నాయి. బిడ్డ వాటితోనే నిద్రపోయేవాడు.

వృద్ధస్త్రీలు అనుభవంతో ఎరిగిన ఈ సంగతిని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కోతిపిల్లలపై చేసిన పరీక్షలలో చూపి, 1958లో ప్రకటించాడు. తల్లులనుండి వేరుచేసిన పిల్లలకు ఆయన రెండు బొమ్మ తల్లులను ఏర్పరచాడు. ఒకటి ఇనుపతీగలతో అల్లినది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. పాలసీసా తీగల బొమ్మకు కట్టినప్పుడు కూడా పిల్లలు పాలు తాగినంతసేపే అక్కడ ఉండి, మిగిలిన కాలమంతా గుడ్డ బొమ్మనే కరచుకొని గడిపాయి. ఆ ప్రయోగం క్రూరమైనదే. అట్లా ఒంటరిగా పెరిగిన పిల్లలు పెద్దవై తమ జాతితో కలిసి మెలగలేకపోయాయి. అయినా వాటి బాధలోనుండి బయటపడిన ఒక విషయాన్ని మరువరాదు. భయం గొలిపే వస్తువును ఎదుట పెట్టగానే పిల్ల పరుగున వచ్చి గుడ్డ తల్లిని పట్టుకొనేది. కొంతసేపు అట్లా ఉండి తెప్పరిల్లిన తరువాత తల తిప్పి, తనను భయపెట్టిన ఆ వస్తువునే చూసేది. మరికొంతసేపటికి దాని దగ్గరకు పోవడానికి కూడా సాహసించేది.

కఠినుల సమాధానం ఇక్కడ కుంటుపడుతున్నది. వెనుకకు వచ్చినవాడు వెనుకనే ఉండిపోతాడని వారి భయం. కోతిపిల్ల వెనుకకు వచ్చినది ముందుకు పోవడానికే. పాలు విడిచిన బిడ్డ తిరిగివచ్చే వేళలను జ్ఞాపకం చేసుకుంటే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. మొదటిసారి బడికి పోయి వచ్చిన సాయంత్రం, కొత్త ఊరిలో మొదటి రాత్రి, తన చోట మరొక శిశువును చూసిన రోజు. ప్రతి సందర్భంలోను వాని ఎదుట ఒక కొత్త గడప ఉన్నది. దాటవలసినది ఉన్నందువల్లనే వాడు ఒకసారి వెనుదిరిగి చూసుకొంటున్నాడు. వెనుక ఉండవలసినది ఉన్నదని తెలిస్తే కాలు ముందుకు పడుతుంది. లేదని తోచినవాడు గడపవద్దనే కూలబడతాడు.

కాబట్టి బిడ్డ అడుగుతున్నది పాలను గురించి కాదు. ఆ చోటు ఇంకా నాదేనా అని అడుగుతున్నాడు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి తల్లికి ఒకే మార్గం ఉన్నదనుకోవడం పొరపాటు. ఇచ్చే చేతిలోను సమాధానం ఉండవచ్చు. ఇవ్వని చేతిలోను ఉండవచ్చు. ఇవ్వని చేయి ఎట్లా ఇవ్వకున్నది అన్నదే విచారణీయం.

దేశమంతటా పాలు మాన్పించడానికి వాడుకలో ఉన్న ఉపాయం వేపాకు. ఆకు నూరి రొమ్మునకు రాసుకొంటారు. బిడ్డ నోరు పెట్టి, చేదు తగిలి, ముఖం వికారం చేసుకొని ఏడుస్తాడు. రెండు మూడు రోజులు అట్లా జరిగేసరికి దగ్గరకు రావడం మానుతాడు. కొన్నిచోట్ల "బూచి ఎత్తుకుపోయింది", "కాకి తన్నుకుపోయింది" అని చెబుతారు. ఇందులో పనిచేస్తున్నవి రెండు: ఒకటి చేదు, రెండవది బొంకు. చేదు శరీరానికి తగిలేది, కాసేపటికి పోతుంది. బొంకు తల్లి నోటినుండి వచ్చినది; బిడ్డ దానిని నమ్ముతాడు. ఇంతకాలం తనకు సుఖాన్నిచ్చిన చోటు దానంతట అదే విషమైపోయినదని, తల్లి కూడా తనవలెనే నష్టపోయి నిస్సహాయంగా నిలిచి ఉన్నదని వానికి తోస్తుంది. నిజానికి మాన్పించాలని నిశ్చయించినది ఆమె. ఆ నిశ్చయాన్ని ఆమె వేపాకు వెనుక దాచుకొన్నది.

ప్రాచీన వైద్యులు ఈ విషయంలో మెలకువ చూపారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలోని ఉత్తరస్థానంలో, దంతాలు వచ్చిన శిశువును క్రమంగా స్తన్యం నుండి తప్పించాలని చెప్పాడు. క్రమంగా అన్న మాటను ఆయన ఊరకే వాడలేదు. అట్లా పాలు మానిన బిడ్డను శాస్త్రం 'అపస్తనుడు' అంటుంది. వానికోసం సారపప్పు, అతిమధురం, తేనె, పేలాలు, కలకండ కలిపి ఒక మోదకం చేసి పెట్టాలని ఆయన విధించాడు. ఆ మోదకానికి 'ప్రీణనం' అన్న విశేషణం ఉన్నది. తృప్తి కలిగించేది, సంతోషపెట్టేది అని దాని అర్థం. ఒక తీపిని తీసుకొంటున్నవారు మరొక తీపిని చేతిలో పెట్టాలని ఆ వైద్యుడు గుర్తించాడు. చరకసంహితలోని శారీరస్థానం ఇంకొక అడుగు ముందుకు వేసింది. బిడ్డ ఏడ్చినా, తినకపోయినా, చెప్పిన మాట వినకపోయినా, రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు, పూతన వంటి వాని పేర్లు చెప్పి భయపెట్టరాదని అక్కడ స్పష్టంగా నిషేధం ఉన్నది. నిషేధించవలసి వచ్చినదంటే ఆనాటి ఇళ్లలో కూడా బూచి ఉండేదన్నమాట. ఆ జాబితాలో పూతన పేరు ఉండడం గమనింపదగినది. పూతన విషపు రొమ్ముతో వచ్చిన రాక్షసి. తల్లి తన రొమ్మును విషమని చెప్పినప్పుడు, తనకు తెలియకుండానే, ఆ వేషాన్ని తాను ధరిస్తున్నది.

అయితే ఇంతమాత్రాన వేపాకు నూరిన తల్లిని దోషిగా నిలబెట్టడం ధర్మం కాదు. ఆమె చేయి ఎందుకు అటు పోయినదో చూడాలి. నాట్లకు పోయే స్త్రీ పొద్దు పొడవక ముందే గట్టు దాటాలి. మళ్లీ నెల తప్పిన స్త్రీ శరీరం ఒకేసారి ఇద్దరిని మోయలేక అలసిపోతుంది. రాత్రి నాలుగుసార్లు లేచిన స్త్రీకి పగలు వంట, నీళ్లు, పశువులు తప్పవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఇతర ఆహారంతోపాటు రెండేళ్లవరకు, ఆపైన కూడా కొనసాగించవచ్చునని చెబుతున్నది. మన దేశంలో 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చినది; 2017లో చేసిన సవరణ వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. ఆఫీసులో పనిచేసే స్త్రీకి దక్కిన ఆ సెలవు దినకూలికి పోయే స్త్రీ గుమ్మం తొక్కలేదు. క్రమంగా మాన్పించడానికి తీరిక కావాలి. తీరిక లేనివారికి చేదు ఒక్కటే దగ్గరి దారి. వాగ్భటుని మోదకంలోని తేనె, కలకండ కొనగలిగిన ఇల్లు వేరు. పెరటి వేపచెట్టు తప్ప మరేమీ లేని ఇల్లు వేరు. బిడ్డకు జరిగిన అన్యాయంలో తల్లి వాటా కొంత. ఆమెను తొందరపెట్టినవారి వాటా అంతకంటే ఎక్కువ.

తల్లికి కూడా ఒక శరీరం ఉన్నదన్న ఈ మాటను మెత్తనివారు తరచు మరచిపోతారు. తల్లి అనగా ఎండిపోని ఊట అని వారి భావన. పొగడ్త రూపంలో ఆమెపై మోపిన బరువు అది. ఖుర్ఆన్ రెండవ అధ్యాయంలో పాలిచ్చే కాలాన్ని గురించి చెప్పినచోట ఈ విషయంలో ఒక సమతౌల్యం కనిపిస్తుంది. పూర్తిగా ఇవ్వదలచినవారికి రెండు సంవత్సరాల కాలం చెప్పబడినది. అంతకు ముందే మాన్పించదలిస్తే తల్లిదండ్రులు ఇద్దరూ పరస్పరం సంప్రదించుకొని, ఇష్టపడి ఆ పని చేయవచ్చును. అందులో దోషం లేదు. బిడ్డ కారణంగా తల్లి గాని తండ్రి గాని కష్టపెట్టబడరాదని కూడా అక్కడే ఉన్నది. పాలు మాన్పించడాన్ని ఆడవారి చాటు వ్యవహారంగా వదలివేయక, ఇద్దరు కూర్చొని మాట్లాడుకోవలసిన ధర్మంగా నిలిపిన వాక్యం అది.

ఆ సంప్రదింపులో మూడవ పక్షం ఒకటి ఉన్నది. బిడ్డ మాటలు రానివాడు. నిర్ణయం జరిగిన రోజున వానిని ఎవరూ అడగలేదు, అడగడం సాధ్యమూ కాదు. వాడు తన మాట చెప్పుకొనేది తరువాతనే. పాలు మానిన కొన్ని నెలలకు పైటకొంగు లాగడమే వాని మనవి. తీర్పు మార్చవలసిన అవసరం లేకపోవచ్చు. మనవిని వినవలసిన అవసరం మాత్రం ఉన్నది.

వినడం ఎట్లా ఉంటుందో, వినకపోతే ఏమవుతుందో భాగవత దశమస్కంధంలోని ఒక కథ చూపుతుంది. తెలుగువారికి పోతన ద్వారా చిరపరిచితమైన కథ అది. యశోద పెరుగు చిలుకుతున్నది. బాలకృష్ణుడు వచ్చి కవ్వాన్ని పట్టుకొని ఆపుతాడు. అప్పటికి వాడు చంటిబిడ్డ కాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, ఇరుగుపొరుగు ఇళ్లలో వెన్న దొంగిలిస్తాడు. అయినా వానికి రొమ్ము కావలసి వచ్చినది. యశోద చిలకడం మాని వానిని ఒడిలోకి తీసుకొంటుంది. అంతలో పొయ్యిమీది పాలు పొంగుతాయి. బిడ్డకు తృప్తి తీరకముందే దించి ఆమె పరుగెత్తుతుంది. వానికి కోపం వచ్చి కుండ పగులగొడతాడు. వెన్న తీసి తాను తిని కోతికి పెడతాడు. తల్లి కర్ర పట్టుకొని వెంటబడి, చివరకు పట్టుకొని, రోటికి కట్టబోతుంది. ఏ తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువవుతుంది. ఇంట్లోని తాళ్లన్నీ ముడివేసినా ఆ రెండంగుళాలు అట్లాగే మిగులుతాయి. ఆమె ఒళ్లంతా చెమట పట్టి, కొప్పు వీడిపోయి, అలసిపోయిన సంగతి చూసి, అప్పుడు బాలుడు తనంతట తాను కట్టుబడతాడు.

భక్తులు ఈ కథలో భగవంతుని దయను చూస్తారు. ఇంటి కథగా చదివినా దీని అర్థం తరగదు. యశోద చేసినది తప్పని గ్రంథం అనలేదు. పొంగే పాలు కూడా పాలే. ఆ ఇంటి జీవనం దానిమీదనే ఉన్నది. ఒక పాలకోసం మరొక పాలను విడవవలసిన సంకటం ప్రతి తల్లికీ నిత్యం ఎదురవుతుంది. బిడ్డకు కోపం తెప్పించినది ఆమె లేచిపోవడం కాదు, చెప్పకుండా లేచిపోవడం. తరువాత జరిగిన పెనుగులాటలో తాడు పని చేయలేదు. కర్ర పని చేయలేదు. పని చేసినది ఆమె అలసట. అంతవరకు రొమ్మును, వెన్నను, కోపాన్ని మాత్రమే చూసిన బాలుడు ఆ క్షణంలో తల్లిని చూశాడు. చెమట పట్టే మనిషి, వగర్చే మనిషి, తనకంటే వేరైన మనిషి. చూసినవాడు తన పట్టు విడిచాడు.

పాలు మానడం అన్న కార్యం పూర్తి అయ్యేది ఆ చూపుతోనే. పాలు ఇంకిపోవడం శరీరంలో జరిగే పని. కొన్ని వారాలలో ముగుస్తుంది. ఈ రొమ్ము ఒక మనిషిదని, ఆ మనిషికి ఆకలి, నిద్ర, నొప్పి ఉన్నాయని బిడ్డ తెలుసుకోవడం మనసులో జరిగే పని; దానికి సంవత్సరాలు పడుతుంది. వేపాకుతో మానినవానికి పాలు పోయాయి గాని తల్లి దొరకలేదు. చేదు వెనుక ఆమె దాగి ఉండిపోయింది. "అమ్మకు నొప్పిగా ఉన్నది నాయనా, ఇట్లా వచ్చి ఒడిలో పడుకో" అన్న మాట విన్నవానికి కూడా పాలు పోయాయి. కాని పాలున్నచోట ఒక మనిషి కనిపించింది. రెండేళ్లవానికి ఆ మాట పూర్తిగా అర్థం కాకపోవచ్చు. వాడు ఏడ్వకుండా ఉంటాడని కూడా చెప్పలేము. ఏడుస్తూనే ఆ ఒడిలో నిద్రపోతాడు. దాపరికం లేని నిరాకరణ కలిగించిన దుఃఖానికి, ఓదార్పు కూడా ఆ నిరాకరించినవారి వద్దనే దొరుకుతుంది. బూచి కలిగించిన దుఃఖానికి ఓదార్పు ఎక్కడ ఉన్నదో బిడ్డ ఎరుగడు.

ఇట్లా చెప్పినంతమాత్రాన తల్లి ఎల్లప్పుడు కాదనాలని అర్థం కాదు. జ్వరపు రాత్రి ఒకసారి ఇచ్చినందువల్ల లోకం తలకిందులు కాదు. తన ఒంటికి, మనసుకు సమ్మతమైనప్పుడు ఆమె ఇవ్వవచ్చు. అయితే అప్పుడు కూడా ఒక పరీక్ష ఉన్నది. ఇది ఎవరి అవసరం తీరుస్తున్నది? బిడ్డ ఎదిగి దూరమవుతాడేమోనన్న బెంగతో, వాడు అడగకముందే రొమ్ము అందించే తల్లులు కూడా ఉన్నారు. వాడు ఆటలో పడి మరచిపోయిన రోజున వారి ముఖం చిన్నబోతుంది. వాడు ఏడ్చుకుంటూ వచ్చిన రోజున, పైకి విసుక్కున్నా, లోపల సంతోషిస్తారు. ఇందులో పాపం లేదు. ఇది మానవ సహజం. కాని దీనికి బిడ్డ క్షేమమన్న పేరు పెట్టడం సరికాదు. బిడ్డకు పాలు మాన్పించడం ఎంత కష్టమో, తల్లి తనను తాను బిడ్డ అవసరం నుండి మాన్పించుకోవడం అంతకంటే కష్టం. ఆ రెండవ పనికి లోకంలో పేరు లేదు; ముహూర్తం పెట్టేవారు లేరు.

హెబ్రూ కీర్తనలలో 131వది చాల చిన్నది. అందులో భక్తుడు తన ప్రాణాన్ని తల్లి దగ్గర ఉన్న పాలు విడిచిన బిడ్డతో పోల్చుకొన్నాడు. చంటిబిడ్డతో పోల్చుకొనక పాలు విడిచిన బిడ్డను ఎంచుకోవడంలో గొప్ప సూక్ష్మత ఉన్నది. చంటిబిడ్డ తల్లి ఒడిలో ఉన్నంతసేపు వెదుకుతూనే ఉంటాడు. వానికి ఒడి అనగా పాలకు దారి. పాలు విడిచిన బిడ్డ అదే ఒడిలో ఏమీ వెదకకుండా కూర్చోగలడు. కోరిన వస్తువు అంత దగ్గరగా ఉన్నా దానిని కోరకుండా, ఆమెతో ఉండడానికే ఉండగలడు. ఆ నెమ్మది చంటిబిడ్డకు రాదు. తల్లిని విడిచి పారిపోయినవానికీ రాదు. విడిచిపెట్టి, తిరిగి వచ్చి, చోటు ఉన్నదని తెలుసుకొన్నవానికే అది వస్తుంది.

ఈ విషయం పసిపిల్లలతో ముగిసిపోదు. కాలికి రాయి తగిలితే అరవై ఏళ్ల వృద్ధుడు కూడా "అమ్మా!" అంటాడు. అతని తల్లి గతించి ఎన్నేళ్లో అయి ఉంటుంది. తెలుగువాడు, తమిళుడు "అమ్మా" అంటే, వంగదేశీయుడు "మా గో" అంటాడు; మరాఠీవాడు "ఆయీ గఁ" అంటాడు. ఈ కేక విని ఎవరూ నవ్వరు. సిగ్గు లేదా అని అడగరు. పాలు విడిచిన బిడ్డ చేసిన పనినే వృద్ధుడు నోటిమాటగా చేస్తున్నాడు. మనిషి జీవితమంతా అనేకసార్లు పాలు మానవలసినదే. ఊరు విడవాలి, బడి విడవాలి, నమ్మిన వాటిలో కొన్నింటిని విడవాలి. విడిచినవాడు ఒక్కొక్కప్పుడు వెనుదిరిగి వస్తాడు. నగరంలో స్థిరపడినవాడు జబ్బు పడినప్పుడు తన పల్లెయాసలో పలవరిస్తాడు. అతడు ఓడిపోయాడని అనడం తొందరపాటు. మళ్లీ లేచి వెళ్లగలిగాడా అన్నదే చూడవలసినది.

సర్వసంగపరిత్యాగం చేసినవారి కథలు కూడా ఈ సత్యాన్ని కాదనలేదు. శంకరాచార్యులు సన్యసించే ముందు, అవసానకాలంలో దగ్గర ఉంటానని తల్లికి మాట ఇచ్చాడని, సన్యాసికి కర్మాధికారం లేదని బంధువులు అడ్డుచెప్పినా తానే ఆమెకు అంత్యక్రియలు చేశాడని శంకరవిజయాలు చెబుతున్నాయి. లోకాన్నంతటినీ విడిచినవాడు ఆ ఒక్క ఒడికి తిరిగి వచ్చాడు. అప్పుడు ఆసరా కావలసినది తల్లికి. పాళీ భాషలోని అపదాన గ్రంథంలో మహాప్రజాపతి గౌతమి బుద్ధునివద్ద సెలవు తీసుకొనే ఘట్టం ఉన్నది. తల్లి మాయాదేవి మరణించిన తరువాత బుద్ధుని పాలిచ్చి పెంచినది ఈమెయే. తాను ఇచ్చిన పాలు క్షణకాలపు దప్పికను మాత్రమే తీర్చాయని, అతడు తనకు ధర్మమనే పాలు తాగించాడని ఆమె చెప్పుకొన్నది. తనను పెంచినందుకు అతడు తనకు ఏమీ ఋణపడి లేడని కూడా ఆమె పలికింది. పాలిచ్చిన స్త్రీ ఆ మాట అనగలగడం సామాన్యం కాదు. బిడ్డ పాలు మానడం ఏనాడో జరిగిపోయింది. తల్లి మానడం ఆ మాటతో జరిగింది.

ఆ స్థితికి చేరుకోవడం అందరివల్లా అయ్యేది కాకపోవచ్చు. చాపమీద కూర్చున్న తల్లికి ఈ రాత్రి కావలసినది అంతకంటే చిన్న విషయం. ఆమె ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. తన శరీరం సంగతి తనకు తెలుసు. ఇంటిలోనివారు ఆమెను నవ్వించడం, బెదిరించడం మాని, పొయ్యిమీది పాలను తాము చూసుకొంటే మేలు. తండ్రి లేచి బిడ్డను భుజాన వేసుకొని వాకిట్లో నాలుగు అడుగులు వేయవచ్చు. ఎవరు ఏమి చేసినా, వాడు వచ్చినందుకు వానిని సిగ్గుపరచకుండా ఉంటే చాలు. పాలు లేవని చెప్పవచ్చు. ఒడి లేదని మాత్రం చెప్పరాదు. అది నిజం కాదు కాబట్టి.